నవ్వు రాని సినిమాతో ఆసిఫాబాద్ దాకా

మా ఏలూరులో ఎవరితోనైనా కరీంనగర్ వెళ్లొచ్చానని చెబితే, "అక్కడేం చూశావు?" అని అడుగుతున్నారు. కోట ఉంది, డ్యామ్ ఉంది, పైకి పోతే గోదావరి, అడవులు ఉన్నాయి. వాటిలో దేన్నీ నేను సరిగ్గా చూడలేదు. చూసింది ఒక సినిమా. ఒకటే సినిమా, నాలుగు ఊళ్లలో, నాలుగు సార్లు. తెరమీది బొమ్మకు కొత్తగా మాట వచ్చిన రోజుల్లో తీసిన పాటల హాస్య చిత్రం అది. పక్కవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నేను వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాను. అక్కడికి వెళ్లనివాళ్ల కోసం ఆ ప్రయాణం గురించి రాద్దామని మొదలుపెట్టాను గాని, నాకే ఇంకా కొన్ని సంగతులు తెలిసిరాలేదు.

నన్ను పిలిచింది మా మరిది మల్లేశం. మా చెల్లెలు కుసుమ భర్త. వరంగల్‌లో చదువుకుంటున్నప్పుడు ఇద్దరికీ పరిచయమై పెళ్లి చేసుకున్నారు. ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కుసుమ మూడేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. ఉన్నన్నాళ్లూ ఎండాకాలం సెలవులకు అదే మా దగ్గరికి వచ్చేది. మా ఇంట్లో అది మెత్తగా మాట్లాడే లెక్కల టీచరు. పెద్దగా నవ్వితే మా నాన్న కోప్పడతాడని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల. అలాంటిది కరీంనగర్లో భర్తతో కలిసి పాత సినిమాలు పోగేసి, ఊరూరా చూపించేదని విన్నాను. నమ్మలేదు.

దసరా వెళ్లాక మల్లేశం ఫోన్ చేశాడు.

"వదినె, సిన్మా పట్టుకొని మల్ల తిరుగుదామనుకుంటున్న. కుసుమ పోయినంక పెట్టెల పెట్టిన. మీరు సుత వస్తరా?"

"నేనెందుకు మరిదిగారూ? నాకు సినిమాలు తెలీవు."

"తెల్వకున్నా మంచిదే. జర వచ్చి సూడుండ్రి."

ఆ గొంతులో ఏదో దాచిపెట్టినట్టు అనిపించింది. చెల్లెలు తిరిగిన ఊళ్లు చూడాలన్న కోరిక కూడా ఉంది. బయలుదేరాను.

కరీంనగర్

పొద్దున్నే ఫలహారానికి సర్వపిండి పెట్టాడు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయలు, కారం కలిపి, గిన్నె అడుక్కి అద్ది కాల్చిన రొట్టె. మన దిబ్బరొట్టెకు చుట్టం అనుకుని కొరికితే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అంత కారం. ఆయన కంగారుపడి పెరుగు తెచ్చాడు. మధ్యాహ్నం పచ్చిపులుసు వడ్డించాడు. చారు కాచడం మరిచిపోయాడేమో అనుకుని, "పొయ్యి మీద పెట్టలేదా?" అని అడిగాను. పెట్టకూడదట. చింతపండు పులుసులో పచ్చి ఉల్లిపాయలు నలిపి అలాగే పోసుకోవాలి. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను.

భోజనాలయ్యాక కిటికీలకు దుప్పట్లు కట్టి, ప్రొజెక్టరు గోడవైపు తిప్పి, సినిమా వేశాడు. పేరు పడే చోట బొమ్మ చెరిగిపోయి మచ్చలు తప్ప ఏమీ లేవు. అందుకని ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుతో పిలుస్తారట. కథ చెబుతాను. పట్నం కుర్రాడొకడు పెళ్లిచూపులకని వచ్చి పొరపాటున పక్కింట్లోకి వెళతాడు. ఆ ఇంటివాళ్లు అతన్ని పాటలు నేర్పడానికి వచ్చిన మాస్టారనుకుంటారు. ఈలోగా అసలు మాస్టారు పెళ్లివారింటికి వెళ్లి కొత్త అల్లుడి మర్యాదలు పొందుతుంటాడు. అంతే. ఈ మాత్రం దానికి ప్రతివాళ్లూ పాడతారు. వంటవాడు పాడతాడు. తమలపాకుల పెట్టె కనిపించలేదని ముసలావిడ పాడుతుంది. దాన్ని వెతకడానికి వచ్చిన పోలీసు గుమ్మంలో నిలబడి ఆలాపన మొదలుపెడతాడు. మాట్లాడేటప్పుడు అందరూ ఒకే చోటికి జరిగి నిలబడతారు. మైకు అక్కడ ఉండేదని మల్లేశం చెప్పాడు. వెనకాల పెనంలో నూనె కాగుతున్నట్టు ఒకటే చిటపట.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మరొకటి. హాస్యమాడిన ప్రతిసారీ నటులు కాసేపు ఆగుతారు. ఏమీ చెయ్యరు. ఊరికే నిలబడతారు.

"ఎందుకలా ఆగిపోతారు?" అన్నాను.

"జనం నవ్వాలె గద వదినె! నవ్వుల పడి తర్వాతి మాట ఇనవడదని జాగ ఇడిసిపెట్టిన్రు."

అంటే ఎప్పుడో పోయినవాళ్ల నవ్వు కోసం వదిలిన చోటు అన్నమాట. ఆ చోట్లలో మల్లేశం ఒక్కడే నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటూ. నేను కూడా నవ్వాలని ప్రయత్నించాను. దగ్గొచ్చింది.

"కుసుమకు నిజంగా ఇది ఇష్టమా?"

"ఇష్టమా? అరే, ఆమె లేంది సిన్మానే లేదు!" అన్నాడాయన. ఆ మాట ఏ అర్థంతో అన్నాడో అప్పుడు అడగలేదు.

సిరిసిల్ల

మర్నాడు బస్సులో సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. సందులోకి తిరగకముందే చప్పుడు వినిపించింది. దగ్గరికి వెళ్లేసరికి ఛాతీలోనే ఎవరో దంచుతున్నట్టుంది. ఒక పొడుగాటి రేకుల షెడ్డు, లోపల సాంచాల వరస, వాటి మధ్య ఒక మనిషి నడిచేంత దారి. నా చీర కొంగు ఎక్కడ చిక్కుకుంటుందోనని దాన్ని నడుముకు చుట్టుకుని అడుగులో అడుగు వేశాను.

ఆ సాంచాలు నడిపేది రాజయ్య, ఆయన భార్య సత్తవ్వ. నన్ను చూడగానే సత్తవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. ఏదో అంటోంది. పెదవులు కదులుతున్నాయి గాని ఒక్క ముక్క వినపడలేదు. నేను "ఆఁ? ఆఁ?" అంటుంటే నన్ను బయటికి లాక్కొచ్చి, "కుసుమక్క లెక్కనే ఉన్నవు" అంది.

సినిమా వేస్తామంటే సాంచాలు ఆపుతారేమో అనుకున్నాను. ఆపలేదు. ఆర్డరు బట్ట ఉందట, ఆపితే కుదరదట. షెడ్డు చివరి గోడకు సున్నం వేసి ఉంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి చేరాక దానిమీదే బొమ్మ పడింది. సౌండు పెట్టె తీగ మల్లేశం తగిలించనే లేదు.

"సౌండు?" అని ఆయన చెవిలో అరిచాను.

"గీడ ఎందుకు?" అని ఆయన నా చెవిలో అరిచాడు.

పాటల కోసమే తీసిన సినిమా, పాట లేకుండా నడిచింది. ముసలావిడ నోరు తెరిచింది. సత్తవ్వ సాంచా దగ్గర నుంచి తెగిన పోగు ముడేస్తూనే గొంతు చించుకుని అరిచింది: "నా పింఛన్ ఏదిరా? నెల ఒడిసింది, పింఛన్ ఏది?" సాంచాల చప్పుడును చీల్చుకుని వచ్చింది ఆ అరుపు. పోలీసు గుమ్మంలో నిలబడి చేతులూపాడు. అవతలి వరస నుంచి రాజయ్య: "బ్యాంకుల సర్వర్ డౌన్ ఉన్నది ముసల్దానా, రేపు రా!" షెడ్డంతా నవ్వు. నటులు ఆగిన చోట ఆగినట్టే ఉంది, నవ్వు వచ్చి సరిగ్గా అందులో పడుతోంది. అల్లుడుగారి కాళ్లు కడిగే దృశ్యంలో వాళ్లేమన్నారో ఇక్కడ రాయలేను. పక్కనున్న అమ్మాయి సిగ్గుపడి మొహం తిప్పుకుంది గాని భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

బయటికొచ్చాక సత్తవ్వ చాయ్ తెప్పించింది. చిన్న గ్లాసు, పది రూపాయలు. మా వీధి చివర కూడా అంతే గాని ఇక్కడ పంచదార రెండింతలు. నా జుట్టు నిండా నూలు నూగు. తుడుస్తూ అడిగాను: "ఈ మాటలు ఎవరు నేర్పారమ్మా మీకు?"

"ఎవలు నేర్పుతరు? కుసుమక్కనే షురూ చేసింది. గా స్టూలెక్కి నిలవడి, ముసల్దానికి ఓ గొంతు, పోలీసోనికి ఓ గొంతు. గంత లావు గొంతు ఆమెకు ఏడికెల్లి వచ్చేదో!"

నా చెల్లెలు. స్టూలెక్కి. నేను టీ గ్లాసు కింద పెట్టాను. వీళ్లు ఇంకెవరి గురించో చెబుతున్నారేమో అనిపించింది.

వెళ్లేముందు సత్తవ్వ మల్లేశాన్ని పక్కకు పిలిచింది. రహస్యం మాట్లాడాలనుకుంది గాని, సాంచాల పక్కన బతికిన గొంతు కదా, నాకు స్పష్టంగా వినిపించింది.

"ఆసిఫాబాద్ దాంక పోతున్నరా?"

"పోతున్నం."

"వదినెకు చెప్పినవా?"

"ఇంక లేదు."

"ఎన్నడు చెప్తవు మరి? గట్ల లోపట పెట్టుకొని తిరుగుతే ఏమైతది?"

ఆయన పొద్దున పూట ఏవో మాత్రలు వేసుకోవడం చూశాను. కుసుమకు కూడా ముందు ఇలాగే చిన్న చిన్న మాత్రలు.

చెన్నూరు

మంచిర్యాల మీదుగా చెన్నూరు పోయే బస్సులో నాకు నిద్ర రాలేదు. దారిపొడుగునా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. బస్సు ఆగిన చోటల్లా సీతాఫలాల గంపలు. మా దగ్గర ఒక్కో కాయకు చెప్పే ధరకు ఇక్కడ చిన్న గంప ఇచ్చారు. కొని ఒళ్లో పెట్టుకున్నాను. మూడు పండిపోయి చీరంతా జిగురైంది.

ఇక ఆగలేక అడిగేశాను.

"మరిదిగారూ, ఆరోగ్యం ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్నది వదినె."

"ఆ మాత్రలేమిటి?"

"బీపీవి. అందరికున్నదే."

"ఆసిఫాబాద్‌లో డాక్టరెవరైనా ఉన్నారా?"

ఆయన బిత్తరపోయి నన్ను చూశాడు. "డాక్టరా? లేడు. ఎందుకు?" అని, కిటికీ బయటికి చూపిస్తూ, "గదో, పత్తి ఈసారి మంచిగ కాసింది" అన్నాడు. జబ్బు ముదిరినవాళ్లే ఇలా మాట తప్పిస్తారని నా అనుభవం. నేను నవీన్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. నవీన్ వీళ్ల ఒక్కగానొక్క కొడుకు, మస్కట్‌లో పనిచేస్తున్నాడు. తల్లి పోయినప్పుడు చివరి చూపుకు అందలేదు. ఇప్పుడు ఈ కబురు వాడికి ఎలా చెప్పాలి?

చెన్నూరులో మేం దిగింది పోశవ్వ ఇంట్లో. మల్లేశం ఉద్యోగం కొత్తలో ఆమె ఇంట్లోనే అద్దెకున్నాడు. ఎనభై దాటిన మనిషి, చూపు కొంచెం మందగించింది గాని గొంతు మాత్రం ఖంగుమంటుంది. మల్లేశం వసారాలో తాడుకు దుప్పటి కడుతుంటే ఆమె నన్ను లోపలికి తీసుకుపోయి చాపమీద కూర్చోబెట్టింది. బొట్టు పెట్టింది. రవికె గుడ్డ, రెండు వక్కలు ఒళ్లో పెట్టింది. మా వైపు పేరంటానికి పిలిచి పెడతారు; ఇక్కడ ఇంటికొచ్చిన ఆడమనిషికి ఇదే ఆచారమేమో అనుకుని దణ్ణం పెట్టాను. పోశవ్వ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"మంచిగనే ఉన్నవు బిడ్డా. ఆసిఫాబాదామె అంటే జర పొడుగుంటదనుకున్న."

"నాది ఏలూరండీ."

"ఏదైతేంది. మల్లేశం మంచోడు. తాగడు, తిరుగడు. సిన్మా పిచ్చి ఒక్కటే. లగ్గం ఎన్నడు పెట్టుకున్నరు?"

"ఎవరి లగ్గమండీ?"

"ఇగో, సిగ్గువడుతుంది!" అని పోశవ్వ వసారాలోకి వినిపించేలా నవ్వింది. "మల్లేశం! పిల్లకు సిగ్గు బాగున్నదిరా!"

యాభై ఏడేళ్ల నన్ను పిల్ల అన్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. తల తిప్పి చూశాను. మల్లేశం స్టూలు మీద నిలబడి, చేతిలో తాడు చివర పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అవ్వా, ఈమె మా వదినె. కుసుమ వాళ్ల అక్క" అన్నాడు ఎట్టకేలకు.

రవికె గుడ్డ తీసుకోవాలో వద్దో తెలియక పోశవ్వ చెయ్యి నా ఒడి వైపు వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. "ఉంచుకో బిడ్డా" అంది మెల్లిగా.

సినిమాకు ఇరుగుపొరుగు వచ్చారు కాబట్టి వెయ్యక తప్పలేదు. అక్కడివాళ్లకు కథతో పనిలేదు. వంటవాడి పాటొకటి నచ్చి దాన్నే మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. చప్పట్లు, ఈలలు. నేను దుప్పటి మీద కదిలే బొమ్మల్ని చూస్తున్నానే గాని ఏమీ కనపడటం లేదు. జబ్బు కాదని తెలిసి గుండె తేలికపడాలి. పడలేదు. కోపం రావాలి. అదీ సరిగ్గా రాలేదు.

తెల్లవారి గోదావరి ఒడ్డుకు నడిచాం. నీళ్లు ఇంకా నిండుగానే ఉన్నాయి. రాజమండ్రి గోదావరి చూసిన కంటికి ఇది సన్నగా కనిపించింది. ఆయన చాలాసేపు గులకరాళ్లు కాలితో కదుపుతూ నిలబడ్డాడు.

"ఆమె పేరు సునంద. అంగన్‌వాడీల చేసి రిటైరైంది. భర్త పోయి శానా ఏండ్లాయె. పిల్లలు లేరు. మేం ఆసిఫాబాద్‌ల ఉన్నప్పుడు కుసుమకు సుత తెలుసు. ఒక్కన్ని ఉండలేకపోతున్న వదినె. ఇంట్ల టీవీ పెట్టుకొని దానితోటి మాట్లాడుతున్న."

"ఫోన్‌లో చెప్పొచ్చుగా ఈ మాట!"

"నోరు రాలే."

"పోశవ్వకు చెప్పారు, సత్తవ్వకు చెప్పారు. నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"వాళ్లు మీరు కాదు గద" అన్నాడు. మరో రాయిని కాలితో నీళ్లలోకి నెట్టి, "నవీన్‌కు సుత చెప్పలే. మీరు చెప్తే వాడు ఇంటడు. ముందుగాల ఒక్కపారి ఆమెను సూడుండ్రి. వద్దనిపిస్తే వద్దనుండ్రి. అక్కడికి ఆఖరు" అన్నాడు.

అందుకు పిలిచాడన్నమాట. మంచిర్యాల వెళ్లి రైలెక్కుతానని గట్టిగా చెప్పాను. సంచి సర్దుకుని బస్టాండుకు వచ్చాను కూడా. ఆయన బతిమాలలేదు. ప్రొజెక్టరు పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని దూరంగా కూర్చున్నాడు. మంచిర్యాల బస్సు వచ్చింది, ఎక్కాను. నా వెనకే ఆయనా ఎక్కాడు. మంచిర్యాలలో దిగాక స్టేషన్‌కు ఆటో పిలవాల్సినదాన్ని ఆసిఫాబాద్ బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ చెప్పలేను. చెల్లెలి చోటులోకి వచ్చే మనిషి ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలమే కావచ్చు.

ఆసిఫాబాద్

సునంద నిజంగానే పొడుగు. నెరిసిన జుట్టుకు రంగు వేసుకోలేదు. గుమ్మంలో నిలబడి "బసా, బసా" అంది. ఇదేం మాటా అని తెల్లమొహం వేశాను. "కూసోమంటున్న. మా అవ్వగారిల్లు చంద్రపూర్ దిక్కు, నోట్లకెల్లి మరాఠీనే వస్తది" అని కుర్చీ తుడిచింది.

జొన్నరొట్టెలు, సెనగపిండితో చిక్కగా చేసిన పిట్ల, పక్కన రోట్లో దంచిన పచ్చిమిరప ఠేచా. రొట్టెను రెండు అరచేతుల మధ్య చరిచి చరిచి చేసింది. నేను కూడా ప్రయత్నిస్తే అంచులు విరిగి మూడు ముక్కలైంది. ఆమె నవ్వలేదు, వంక పెట్టలేదు. ఆ ముక్కల్ని తన పళ్లెంలో వేసుకుంది.

తిన్నాక మల్లేశం ఉత్సాహంగా సినిమా వేశాడు. నాలుగోసారి. సునంద గోడకు ఆనకుండా నిటారుగా కూర్చుంది. ముసలావిడ పెట్టె పోయింది. పోలీసు పాడాడు. నటులు ఆగారు. మల్లేశం పగలబడి నవ్వాడు. నేను పక్కకు చూశాను. సునంద మొహంలో ఒక్క గీత కదల్లేదు. మర్యాదకు వచ్చి పరాయి పెళ్లిలో కూర్చున్నట్టు కూర్చుంది. కాసేపటికి నీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లింది. నేనూ వెళ్లాను.

"మీకు నవ్వు రాదా?" అన్నాను.

ఆమె భయపడ్డట్టు ముందుగదివైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు చెప్పకుండ్రి. గీ సిన్మా నేను శానాసార్లు సూసిన. ఎందుకు నవ్వుతడో నాకు సమజ్ కాదు. ఆ ముసలామె పెట్టె పోయిందని ఏడుస్తుంటే నాకు పాపమనిపిస్తది."

"నాక్కూడా అర్థం కాదు" అన్నాను.

"నిజంగనా?"

"కరీంనగర్లో నవ్వబోతే దగ్గొచ్చింది."

సునంద చెంగు నోట్లో కుక్కుకుంది. ముందుగదిలో పాట, నూనె చిటపట, మల్లేశం నవ్వు. ఇక్కడ వంటింట్లో మేమిద్దరం గట్టు పట్టుకుని, చప్పుడు బయటికి పోకుండా, కళ్లనీళ్లు కారేదాకా నవ్వుకున్నాం. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అప్పుడే.

నవ్వు తగ్గాక ఆమె నీళ్ల చెంబు కడుగుతూ, నా వైపు చూడకుండా అంది: "మీరు వద్దంటే నేను రాను. ఆయనకు సుత అదే చెప్పిన. కుసుమ నాకు తెలుసు. ఆమె జాగల కూసుంటున్నట్టు అనిపించి శానా పరేషానైన."

ఆ చెంబు అందుకుని తుడిచి పెట్టాను.

మర్నాడు పొద్దున వాకిట్లో కూర్చుని నవీన్‌కు ఫోన్ చేశాను. వాడు డ్యూటీకి బయలుదేరుతున్నాడు. ముందుగా అనుకున్న మాటలేవీ రాలేదు. "మీ నాన్న పెళ్లి చేసుకుంటాడటరా" అనేశాను.

వాడు పక్కవాళ్లతో వెనకాల వస్తానని చెప్పడం వినిపించింది.

"ఎవలామె?" అన్నాడు.

చెప్పాను.

"బాపు సిన్మాలు సూసి నవ్వుతదా?"

"లేదురా. ఒక్కసారి కూడా నవ్వదు."

"అమ్మ సుత నవ్వకపోయేది పెద్దమ్మా. మీకు తెల్వదా? మొదట్ల ఆమెకు గా సిన్మాలంటేనే చిరాకు. సౌండు బంద్ పెట్టి తనే మాటలు చెప్పుడు షురూ చేసినంకనే నవ్వింది. బాపు ముచ్చట పోవద్దని సగం, తన ముచ్చట సగం."

మా ఇంట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్ల, సిరిసిల్లలో స్టూలెక్కిన మనిషి, వీడు చెబుతున్న అమ్మ. ముగ్గురినీ ఒక్క మొహంలో చూద్దామంటే ఇప్పటికీ కుదరడం లేదు.

"నాకెట్లనో ఉన్నది పెద్దమ్మా. తప్పనలేను. సంబరం సుత లేదు. నేను సెలవుకు వచ్చేదాంక ఆగుమనుండ్రి. నేను లేనప్పుడు మాత్రం వద్దు. అమ్మప్పుడు సుత లేను" అన్నాడు. "బాపుకియ్యుండ్రి."

మల్లేశం ఫోన్ తీసుకుని గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లాడు. చాలాసేపు అక్కడే అటూ ఇటూ తిరిగాడు. సునంద చేటలో బియ్యం పెట్టుకుని ఏరిందే ఏరింది. ఆయన తిరిగి వచ్చి, "ఆగుదాం. వాడు రానీ" అన్నాడు. ఆమె తలూపి బియ్యం లోపలికి తీసుకుపోయింది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. నవీన్ సెలవుకు వచ్చాడు. సునంద ఇంట్లో రెండు రోజులు ఉన్నాడట. మొదటి రోజు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదట. రెండోరోజు వాడే ఇద్దరినీ వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఫోటో పంపాడు. అందులో వాడు నవ్వలేదు గాని, తండ్రి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. సినిమా మళ్లీ ఊళ్లు తిరుగుతోంది.

కాగజ్‌నగర్ స్టేషన్

మళ్లీ ఆ ప్రయాణంలోకి వస్తే, నా రైలు కాగజ్‌నగర్ నుంచి. ఇద్దరూ ఎక్కించడానికి వచ్చారు. మల్లేశం నీళ్ల సీసా తెస్తానని దుకాణం వైపు వెళ్లాడు. సునంద నా పక్కన బెంచీ మీద కూర్చుని, రొట్టెలు, ఠేచా కట్టిన డబ్బా మూత మళ్లీ మళ్లీ బిగిస్తోంది.

"ఒకటి అడగాల్నా? మిమ్ముల ఏమని పిలవాలె?" అంది.

ఆలోచిస్తే చిక్కుగానే ఉంది. చెల్లెలి వరస కాబట్టి నన్ను అక్క అనాలి. "మీ వయసెంత?" అని అడిగాను.

"అరవై ఒకటి."

"నాకు యాభై ఏడు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. పుట్టిన దగ్గర్నుంచి అక్కనే. అక్కా అని పిలవడానికి నాకు ఎవరూ లేరు. వరస ప్రకారం ఆమె నాకు చిన్నది, వయసు ప్రకారం పెద్దది. ఆమె తన వేళ్ల మీద ఏదో లెక్కవేసి, తేలక, చెయ్యి దులుపుకుంది. నేనూ తేల్చలేకపోయాను. రైలు వచ్చేసింది.

మల్లేశం పరుగున వచ్చి సీసా ఇచ్చి, సంచి లోపల పెట్టి దిగాడు. నా సీటు కిటికీ పక్కన. రైలు చిన్నగా కుదిపింది. ప్లాట్‌ఫాం మీద సునంద రొట్టెల డబ్బా ఇంకా గుండెకు హత్తుకుని నిలబడి ఉంది, ఇవ్వడం మరిచిపోయి. ఆమె నన్ను చూస్తోంది గాని డబ్బా సంగతే గుర్తు లేదు. రైలు కదిలింది. నేను కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాచి గట్టిగా కేకేశాను:

"అక్కా! డబ్బా!"

ఆమె ఉలిక్కిపడి, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, పొడుగాటి అంగలు వేస్తూ రైలు పక్కనే పరిగెత్తుకొచ్చింది. ఊచల సందులో డబ్బా పట్టదు. కుచ్చెళ్లు వదిలేసి, డబ్బా చంకన ఇరికించుకుని, మూత పీకి రొట్టెలు ఒక్కొక్కటే మడిచి నా చేతిలో పెట్టింది. మూడు అందాయి.